కంచుగుండు పిలిచిన మధ్యాహ్నం

మొన్న పులివెందులలో ఒక కళాశాల వారు వక్తృత్వ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. చదువుకునే రోజుల్లో అటువంటి వేదికల మీద వాదించిన అలవాటు ఉన్నదాన్ని కనుక సంతోషంగానే వెళ్లాను. మన ఆచారాలు మనల్ని నిలబెడుతున్నాయా, వెనక్కి లాగుతున్నాయా అన్నది అంశం. వెనక్కి లాగుతున్నాయన్న పక్షాన ఒక అమ్మాయి చాలా పద్ధతిగా మాట్లాడింది. చివరి ఉదాహరణగా, ఒకప్పుడు ఈ ప్రాంతంలో మాటలు రాని పిల్లల్ని వైద్యుడి దగ్గరికి కాక ఒక బండరాయి దగ్గరికి తీసుకుపోయేవారని, రాయిని కొడితే బిడ్డకు మాట వస్తుందని నమ్మేవారని చెప్పింది. సభ నవ్వింది. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, ఆ పిల్లలకు జరిగిన నష్టానికి జవాబు ఎవరు చెప్పాలని అడిగి దిగిపోయింది.

ఆమెకు రావలసిన మార్కులు ఆమెకు వేశాను. న్యాయనిర్ణేత వాదంలోకి దిగకూడదు. కానీ తిరుగు బస్సులో కూర్చున్నాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే ఆ రాయి దగ్గర నేను నిలబడ్డాను. నవ్వాలో, కోప్పడాలో తేల్చుకునే ముందు అక్కడ ఏం జరిగిందో ఎవరో ఒకరు ఉన్నదున్నట్టు చెప్పాలి కదా అనిపించింది.

అప్పుడు మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. ఒక బట్టల వ్యాపారి పాత ఇంట్లో పై అంతస్తు మాది, కింద ఆయన కొట్టు. పొద్దున కొట్టు తలుపులు తీయగానే కొత్త గుడ్డల గంజి వాసన మెట్లెక్కి మా గదుల్లోకి వచ్చేది. దాని వెనకే సందు మొగలో పెనం మీద కాలుతున్న కారం దోసె వాసన, కాసేపటికి బంగారు పనివాళ్ల కొలుముల నుంచి బొగ్గు వాసన. కళ్లు మూసుకుని ఉన్నా ఏ వేళ అయిందో ముక్కుతో చెప్పగలిగేదాన్ని.

ఆ పై అంతస్తుకు బండల నేల లేదు. పాతకాలపు దూలాల మీద చెక్క పలకలు పరిచి, పైన పల్చగా సున్నం మెత్తారు; మెట్లూ చెక్కవే. ఎవరు నడిచినా ఇల్లంతా కదిలేది. అమ్మ పసుపు దంచితే గూట్లో గ్లాసులు గలగలలాడేవి. నేను తాడాట ఆడితే కింద కొట్టులో దుమ్ము రాలుతోందని వ్యాపారి భార్య మెట్ల దగ్గర నిలబడి నన్ను తిట్టేది. ఆ తిట్లు కూడా నాకిప్పుడు తియ్యగానే గుర్తున్నాయి.

మా చెల్లెలికి నాలుగో ఏడు నడుస్తోంది. ఒక్క మాట రాలేదు. ఏడ్చేది, నవ్వేది, గొంతులో ఏవో ధ్వనులు చేసేది, కావలసినవి వేలితో చూపేది. బొమ్మలు గీయడం తెలియని వయసులోనే సుద్దముక్కతో గడప మీద వంకర తీగలు గీసేది. ఇంట్లో అందరి బెంగా ఆ పిల్ల మాట గురించే. చెవుల గురించి మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

అనుమానం ఎందుకు లేదో చెప్పాలి. కొండాపురం అవతల ఊళ్లో మా జేజి ఉండేది, నాయనకు తల్లి. నెలకో, రెండు నెలలకో గంపలో చెనిక్కాయలు, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, డబ్బాలో ఊరిమిండి పచ్చడి పెట్టుకుని వచ్చేది. ఆమె మాట ఆమెకంటే ముందు వచ్చేది. సందులోనే మొదలుపెట్టి, ఆటోవాడితో తగవు, వ్యాపారి భార్యతో పరాచికాలు, తన ఊరి వర్షం కబురు, అన్నీ అయ్యేసరికి మెట్ల దగ్గరికి చేరేది. ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే, వాకిలికి వీపు పెట్టి ఆడుకుంటున్న చెల్లెలు చప్పున వెనక్కి తిరిగేది. జేజి మురిసిపోయేది.

“దీనివి పాముచెవులప్పా. నేను కాలు పెడ్తానే తెలుసుకుంటాది. మాటనే యాడో దాచిపెట్టుకోనుంది ముండ,” అనేది.

మా నాయన ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పేవాడు. ఆయన ఏదీ ఊరికే నమ్మేవాడు కాదు. ఒకరోజు చెల్లెలి వెనక నిలబడి, అందరినీ కదలకుండా ఉండమని, ఇత్తడి చెంబును నేల మీద వదిలాడు. పిల్ల ఉలిక్కిపడి తిరిగింది. ఇంకోసారి వదిలాడు, ఇంకోసారి తిరిగింది. పరీక్ష చేశాను, వినికిడికి లోటు లేదు, కొందరికి మాట ఆలస్యంగా వస్తుంది, తనకూ అలాగే వచ్చిందని తేల్చేశాడు. వైద్యుడు అడిగినప్పుడూ ఆ మాటే చెప్పాడు. శబ్దానికి తిరుగుతోందంటే తొందర లేదు, చూద్దామన్నాడు ఆ వైద్యుడు. వీధిలో పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడాన్ని మేమందరం మొండితనం కింద కట్టేశాం.

కంచుగుండు మాట ఎత్తింది జేజి. జమ్మలమడుగు దాటి కొండాపురం వైపు పోయే పాత దారి పక్కన ఉండేది ఆ రాయి. మాట ఆలస్యమైన పిల్లల్ని అక్కడికి తీసుకుపోవడం ఆ పల్లెల్లో తరాలుగా వస్తున్న వాడుక. మా నాయన ఒప్పుకోలేదు. రాయి మోగుతుందంటే అందులో ఇనుము కలిసి ఉందని, కింద ఖాళీ ఉందని చెప్పగలను గానీ, అది పిల్లలకు మాటలు నేర్పుతుందని ఎలా అంటానన్నాడు. జేజి అతన్ని కూడా చిన్నప్పుడు ఆ రాయి దగ్గరికే తీసుకుపోయానంది. అందుకే ఇంత వాదిస్తాండానేమో అన్నాడు ఆయన. జేజి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇలా నవ్వులతో తేలిపోయేదే. కానీ ఆ ఎండాకాలం ఒక వార్త వచ్చింది. కొత్త జలాశయం కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తారని, జేజి ఊరితో పాటు ఆ పాత దారీ, రాయీ నీళ్ల కిందికి పోతాయని అందరూ చెప్పుకోసాగారు.  ఈసారి పట్టుబట్టింది మా అమ్మ. ఆమె మామూలుగా అత్త ముందు మొగుడితో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే అంది:

“నీళ్లొచ్చి గుండు మునిగినాక, పోకపోతిమే అని నేను బతుకంతా అనుకోవాల్నా?”

 మా నాయన, పోదామని, తానూ వస్తానని, అయితే తిరిగొచ్చాక ఆ మాట ఇంట్లో ఇంకెవరూ ఎత్తకూడదని షరతు పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. జేజి ముందు రోజే వచ్చి బొరుగులు, పుట్నాలు, బెల్లం కలిపి పెద్ద గుడ్డసంచి నింపింది. బిడ్డకు శుభం జరిగితే అక్కడ దారినపోయేవాళ్లందరికీ పంచాలట. దాన్ని మోసే పని నాకిచ్చారు. మోయడానికి ఇచ్చారు గానీ, జమ్మలమడుగు చేరేలోపు ముడి కొద్దిగా వదులు చేసుకుని రెండు వేళ్లు పట్టేంత దారి చేసుకున్నాను. ఎదురు సీట్లో ముసలాయన చూసి నాకేసి చెయ్యి చాపాడు. ఆయనకూ పెట్టాను. పాపం సగం పంచుకున్నట్టయింది.

జమ్మలమడుగు బస్టాండులో చిన్నమామ మా కోసం నిలబడి ఉన్నాడు. అమ్మకు తమ్ముడు. నాపరాళ్లకు పాలిష్ పట్టే పని ఆయనది. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో బూడిదరంగు పొడి ఉండిపోయేది. పెన్న ఇసుకలో కాసిన కర్బూజాలు రెండు చంకన పెట్టుకుని వచ్చాడు. బిడ్డ తల్లి తరఫు మగవాడే గుండును కొట్టాలన్నది కట్టుబాటు. ఈ గౌరవం దక్కినందుకు ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. మా నాయన చొక్కాను చూసి, పెళ్లిచూపులకా బామ్మర్దీ అని అడిగాడు. నీ నోటికి కూడా ఒక దెబ్బ కొట్టిస్తా ఉండు బావా అన్నాడు చిన్నమామ.

అక్కడి నుంచి పోయే బస్సు చిన్నది. ఊరు దాటాక కొంతసేపు నల్లరేగడి చేలు, కోసేసిన శనగ మోళ్లు కనిపించాయి. తర్వాత అవీ లేవు. ఎర్రగుట్టలు, వాటి మీద ఎవరో విసిరేసినట్టు నల్ల గుండ్లు, మధ్యమధ్య సర్కారు తుమ్మ, బలుసు పొదలు. ఎండకు కాలిన కిటికీ కమ్మీ చెయ్యి పెట్టనివ్వడం లేదు. ఎడారి అంటే ఇసుక దిబ్బలు ఉండాలని మా పాఠంలో చదువుకున్నాను. ఆ దారి చూశాక పాఠం రాసినవాళ్లు ఇటు రాలేదని అనుకున్నాను. చెల్లెలు అమ్మ ఒడిలో కూర్చుని, ముందు సీటు చెక్కకు బుగ్గ ఆనించి, బస్సు వణుకుతుంటే కిలకిల నవ్వుతోంది. ఎండ గురించి ఆమెకు ఫిర్యాదేమీ లేదు.

కంచుగుండు దగ్గర ప్రతి బస్సూ ఆగేది. అది బస్టాపు కాదు, ఊరూ కాదు. అయినా ఆగాల్సిందే. కండక్టరు ముందు దిగి, గులకరాయి తీసుకుని గుండును ఒకసారి మోగించి, బండి వచ్చిందని దానికి చెప్పుకునేవాడు. తర్వాత ప్రయాణికులు దిగి ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టేవాళ్లు. గండికోట చూడడానికి వచ్చిన దూరపు ఊళ్లవాళ్లు కూడా అడిగి తెలుసుకుని ఇటు వచ్చి కొట్టిపోయేవాళ్లు. పక్కన తుప్పు పట్టిన ఒక బోర్డు ఉండేది. దాని మీద ఏం రాసి ఉందో తెలిసినవాళ్లు అప్పటికే ఎవరూ లేరు.

రాయి పడుకున్న ఎద్దంత ఉంది. నున్నగా, నల్లగా, రెండు చిన్న రాళ్ల మీద ఆని, కింద గాలి ఆడేలా నిలబడింది. పైన వరసగా గిన్నెల్లాంటి గుంటలు. ఎన్ని తరాల చేతులు కొట్టికొట్టి ఆ గుంటలు పడ్డాయో. ఒక్కో గుంటది ఒక్కో గొంతు. ఒకటి గుడి గంటలా, ఒకటి కంచు పళ్లెంలా, చివరిది మాత్రం కడవలో మాట్లాడినట్టు మోగేది.

పక్కనే వేపచెట్టు కింద ఒక సాయిబు తాత నన్నారి షర్బత్ అమ్మేవాడు. నిమ్మకాయ వాసన, తడి గోనెపట్టా వాసన, నన్నారి వేరు మట్టి వాసన కలిసి ఆ ఎండలో అక్కడొక్క చోట మాత్రం చల్లగా ఉండేది. గుండు కథ ఆయనే చెప్పేవాడు. కోట బతికి ఉన్న రోజుల్లో ఇక్కడ కాపలావాళ్లు ఉండేవారని, దండు వస్తే గుండు మోగించేవారని, ఆ గుట్ట మీదివాళ్లు విని ఇంకో గుండు మోగించేవారని, కబురు అలా గుట్టల మీదుగా కోట చేరేదని. మా నాయన షర్బత్ తాగుతూ అన్నీ విని, ఇది మాత్రం నమ్మదగ్గ కథేనని ఒప్పుకున్నాడు. ఏం నమ్ముతావో ఏం నమ్మవో చెప్పనీకి నీకొక పట్టీ ఉండాల కొడుకా అంది జేజి.

బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు కోసం వేచి ఉన్నవాళ్లు, మేకలు కాసుకునే ఒకామె, షర్బత్ కోసం ఆగిన రెండు మోటారు సైకిళ్లవాళ్లు అక్కడ మిగిలారు. పద్ధతి సాయిబు తాత చెప్పాడు. గుండుకు కొంచెం దూరంలో, మట్టిలో పాతుకున్న ఒక పలకరాయి ఉంది. బిడ్డను దాని మీద తూర్పుకు ముఖం పెట్టి, గుండుకు వీపు పెట్టి కూర్చోబెట్టాలి. నాలుక మీద తేనె రాయాలి. ఎవరూ పిలవకూడదు, తాకకూడదు. అప్పుడు గుండును మోగించాలి. గుండు పిలిస్తే బిడ్డ తిరిగి చూడాలి. చూస్తే, వచ్చే పంట ఇంటికి చేరేలోపు మాట వస్తుంది.

చిన్నమామ రాళ్లలో పనిచేసే మనిషి కనుక, చేతికి కుదిరే గుండ్రటి రాయిని చాలాసేపు వెతికి తెచ్చుకున్నాడు. అమ్మ చెల్లెల్ని కూర్చోబెట్టి, తేనె రాసి, పక్కకు వచ్చి నిలబడింది. చెల్లెలు తేనె చప్పరిస్తూ ముందున్న గులకరాళ్లను వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

చిన్నమామ మొదటి దెబ్బ కొట్టాడు. గంట మోగినట్టు మోగింది. మేకలు తలెత్తాయి. చెల్లెలు తిరగలేదు.

బలం చాలలేదేమోనని జేజి అంది. రెండోసారి మోగింది. దారి అవతలి గుట్ట నుంచి ఆ మోత తిరిగి వచ్చింది. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. చెల్లెలు ఒక ఎర్రరాయి దొరికినందుకు సంతోషపడి, దాన్ని వరసలో ముందు పెట్టింది.

 నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అంత ఎండలో ఆ చెయ్యి అంత చల్లగా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

అప్పుడు మా నాయన చిన్నమామ దగ్గరికి వెళ్లి రాయి ఇమ్మన్నాడు. తల్లి తరఫువాడే కొట్టాలి కదా బావా అని చిన్నమామ అన్నాడు గానీ, ఇచ్చేశాడు. రాయిని, మోతను, ఇనుమును, గాలిని గురించి అంత వివరంగా చెప్పగల మనిషి, రెండు చేతులతో ఆ రాయిని ఎత్తి, తన శక్తి అంతా పెట్టి కొట్టాడు. ఒక్కసారి కాదు. తిరుగు తల్లీ, ఒక్కసారి తిరుగు అని ఆయన గొంతులో గొణుక్కోవడం నాకు వినిపించింది. తాను నమ్మని దాన్నే ఆ రోజు ఆయనకంటే గట్టిగా కోరుకున్నవాళ్లు అక్కడ లేరు.

చెల్లెలు తిరగలేదు.

సాయిబు తాత దగ్గరికి వచ్చి, బెంగ వద్దని, చాలామంది పిల్లలు మొదటి ఏడు చూడరని, మళ్లీ వచ్చే ఏడు తీసుకురమ్మని మెల్లగా చెప్పాడు. వచ్చే ఏడు గుండు ఉంటుందా అని ఎవరూ అడగలేదు.

ఈలోగా చెల్లెలికి ఆట విసుగుపుట్టింది. లేచి మాకోసం చూసి, అందరం గుండు వైపే చూస్తున్నామని గమనించి, నడుచుకుంటూ వచ్చి తన రెండు అరచేతులూ దాని మీద పెట్టింది. మా నాయన చేతి నుంచి రాయి అప్పుడే జారి గుండు మీద పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. కడవలో మాట్లాడినట్టుండే గుంట అది.

చెల్లెలి కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచి, పొట్ట కదిలేలా నవ్వింది. బుగ్గ కూడా తెచ్చి రాయికి ఆనించింది. ఇంకా కావాలని నాయన వేలు పట్టి లాగింది.

“చూసిందమ్మా, చూసింది. పంచండి బొరుగులు,” అన్నాడు సాయిబు తాత. మేకలామె చేతులు జోడించింది. చిన్నమామ సంతోషంతో నా చేతిలోని సంచి లాక్కున్నాడు. నేనూ ఎగిరాను. మా అందరికీ అది చాలినంత శుభం. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే, సంచి విప్పి, బెల్లం నోట్లో వేసుకుని, మాట వస్తుందనుకుంటూ ఇంటికి వచ్చేసి, ఇంకో ఏడాదో, రెండేళ్లో ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లం.

ఆపింది జేజి.

“ఉండప్పా. చూడల్యా బిడ్డ. చెయ్యి పెట్టింది.”

“ఏదైతే ఏముందమ్మా, నవ్వింది గదా,” అన్నాడు సాయిబు తాత.

“నవ్వింది. నేనూ చూస్తి. గుండు పిలిస్తే తిరగల్యా, ముట్టుకుంటే నవ్వింది. అది వేరే, ఇది వేరే.”

ఆమె చెల్లెలి చేతులు రెండూ తీసి తన చేతుల్లో పట్టుకుని, చిన్నమామను కొట్టమంది. గుండు మోగింది. చెల్లెలు జేజి ముక్కుపుడకను చూస్తూ ఉండిపోయింది. చేతులు మళ్లీ రాయి మీద పెట్టించి, మళ్లీ కొట్టమంది. చెల్లెలు కిలకిల నవ్వింది. ఇంకొకసారి తీసింది, ఇంకొకసారి పెట్టింది. ఆమె నోట అంతసేపు మాట లేకుండా ఉండడం నేను అదే మొదటిసారి చూడడం.

“నాయనా,” అంది చివరికి, మా నాయన వైపు తిరగకుండానే. “దీనికి ఇనపడదు. ఇంట్లో మనం నడిస్తే పలకలు కదులుతాండె. అది కాళ్లకు తెలుస్తాండె దీనికి. పాముచెవులని నేనే అంటి.”

మా నాయన పలకరాయి మీద కూలబడ్డాడు. ఇత్తడి చెంబు, చెక్క నేల, వైద్యుడితో తాను చెప్పిన మాట, అన్నీ ఆయన ముఖం మీదుగా ఒకదాని వెనక ఒకటి పోవడం చిన్నదాన్నైనా నాకు తెలిసింది. పాత ఇల్లు మమ్మల్నందరినీ ఒకేలా మోసం చేసింది. జేజి నమ్మకాన్నీ, ఆయన పరీక్షనూ.

అమ్మ చెల్లెల్ని ఎత్తుకుంది. ఆమె ఏడవలేదు.

“నాకు తెలుసత్తా,” అంది. “చంటిబిడ్డప్పుడు ఏడుస్తాంటే నా గొంతుకు ఊరుకునేది కాదు. ఎదమింద ఏసుకోని పాడితేనే ఊరుకునేది. నోటితో అంటే నిజమైపోతాదని అనల్యా.”

జేజి కోడలి తల మీద చెయ్యి వేసింది. అత్తాకోడళ్లు అలా నిలబడడం మా ఇంట్లో అరుదు. తర్వాత కొడుకు దగ్గరికి వచ్చి, అతని అరచేతిలో గీరుకుపోయిన చర్మాన్ని కొంగుతో తుడిచింది.

“ఇంగ రాళ్ల కాడికి గాదు. యాడికి పోవాల్నో నువ్వు చెప్పు. నేనొస్తా,” అంది.

బొరుగులు మాత్రం ఆమె పంచేసింది. చిన్నమామ, ఎందుకింక అన్నట్టు చూశాడు. కట్టిన సంచి విప్పకుండా వెనక్కి తీసుకుపోకూడదని అందరికీ దోసిళ్లతో పెట్టింది. సంచి తేలికగా ఉన్న సంగతి అప్పుడు బయటపడింది గానీ, నన్ను తిట్టే తీరిక ఆ రోజు ఎవరికీ లేదు. వచ్చిన బస్సులోంచి దిగిన ఒకాయన, బిడ్డ చూసిందా అవ్వా అని అడిగాడు. చూడలేదు నాయనా, తిను, అంది.

ఆ తర్వాత కడప, అక్కడి నుంచి పెద్ద ఊళ్లు, చెవికి మిషను, పెదవుల కదలిక చదివించే టీచర్లు, చేతులతో మాట్లాడుకునే పిల్లల బడి. ప్రతి ఊరికీ జేజి వచ్చింది. తొందరగా తెచ్చి మంచి పని చేశారని ఒకచోట వైద్యులు అన్నప్పుడు మా నాయన తల దించుకున్నాడు. ఇప్పుడు మా చెల్లెలు ప్రొద్దుటూరులోనే ఒక నగల దుకాణంలో హారాలకూ, వంకీలకూ నమూనాలు గీస్తుంది. కొన్ని మాటలు నోటితో, చాలా మాటలు చేతులతో. మాతో తగవు పడడానికి ఆమెకు ఏ భాషా తక్కువ కాలేదు.

వేదిక మీద ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను తోసిపుచ్చడానికి నేనిది చెప్పడం లేదు. మళ్లీ వచ్చే ఏడు రమ్మన్నారని నిజంగానే ఏడాదికేడాది ఆ పలకరాయి మీద కూర్చున్న పిల్లలు ఉన్నారు. వాళ్ల తరఫున నా దగ్గర జవాబు లేదు. అయితే నాకు తెలిసినది ఇంకొకటి ఉంది. ఆ మధ్యాహ్నం అందరూ శుభమని ఒప్పుకున్న క్షణంలో, కాదని అన్నది నమ్మకం లేని మనిషి కాదు. ఆ నమ్మకాన్ని బతుకంతా మోసుకొచ్చిన ముసలామె. ఆమె మాటకంటే నిజాయితీ గల వాదన నేను ఏ వేదిక మీదా వినలేదు.

తర్వాత నీళ్లు వచ్చాయి. ఊరు, దారి, వేపచెట్టు, గుండు, అన్నీ పోయాయి. జేజికి కొత్త కాలనీలో ఒక ఇల్లు ఇచ్చారు. వరసలుగా ఒకేలాంటి ఇళ్లు, నీడ పడని వాకిళ్లు. ఆమె మాట మాత్రం ఆగలేదు. మునిగిపోయిన ఊరిని ఇల్లిల్లూ వరసగా చెప్పేది. ఎవరి గడప ఎత్తు, ఎవరి బావి ఉప్పు, ఏ దారి ఎక్కడ వంపు తిరుగుతుంది, వాన పడితే ఏ గోడ ముందు తడుస్తుంది. మొదట్లో అందరం విన్నాం. పదేపదే అవే వింటుంటే మా నాయనకు కునుకు వచ్చేది, అమ్మకు పని గుర్తొచ్చేది, నాకు పుస్తకం గుర్తొచ్చేది. అన్నీ చెప్పేసినావు లే అవ్వా అని పక్కింటి పిల్లలు కూడా లేచిపోయేవాళ్లు.

చెల్లెలు లేచేది కాదు. ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం తిండి తిన్నాక, జేజి చాప మీద వాలగానే వెళ్లి పక్కన పడుకుని, చెవి మిషను తీసి పక్కన పెట్టి, అరచేతిని ఆమె గొంతు మీద ఆనించేది. జేజి మొదలుపెట్టేది. మధ్యలో ఆగితే చెల్లెలు ఆ గొంతు మీద వేళ్లతో తట్టేది. సరే సరే, చెప్తాండా, అని జేజి మళ్లీ అందుకునేది. మంచం మీద పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నేను వినేదాన్ని. ఆ ఊరి గురించి, ఆ దారి గురించి నాకీనాడు తెలిసినదంతా, చెల్లెలికి చెబుతుండగా అలా చాటుగా విన్నదే.